సార్లూ, మేడంలూ, పిల్లల్ని ఒక్కసారి పంచాయతీ ఆఫీసుకు తీసుకెళ్లండి

ఉమ్మడి పాలమూరు, ఉమ్మడి నల్గొండ జిల్లాల ఎంఈవోలకు (మండల విద్యాధికారులకు), ప్రైమరీ స్కూళ్ల హెడ్మాస్టర్లకు, మూడు నాలుగు ఐదు తరగతులకు పరిసరాల విజ్ఞానం చెప్పే సార్లకు, మేడంలకు నమస్కారం.

నేను పంచాయతీ కార్యదర్శిగా పని చేసి రిటైరైన మనిషిని, టీచర్ని కాదు. పిల్లలకు పాఠం చెప్పడం ఎంత కష్టమో నీకేం తెలుసని మీలో కొందరు అనొచ్చు, అనండి, పడతాను. కానీ మన ఊళ్లలో చాలాచోట్ల బడి పక్కనే పంచాయతీ ఆఫీసు ఉంటుంది, కొన్ని ఊళ్లలో గోడ కూడా ఒక్కటే. నేను పనిచేసిన ఒక ఊళ్లో నా కుర్చీలో కూర్చుంటే మీ పిల్లలు పంచాయతీ పనులను కోరస్‌గా బట్టీ పట్టడం వినిపించేది: మంచినీటి సరఫరా, వీధి దీపాలు, మురుగు కాల్వలు, పారిశుధ్యం. ఆ పంచాయతీ అక్కడే తలుపు తీసి ఉన్నా ఒక్క పిల్లగాడు లోపలికి తొంగి చూసింది లేదు. వస్తే ఆగస్టు 15కో జనవరి 26కో వచ్చి, జెండా కింద నిలబడి, చాక్లెట్ తీసుకుని పోవడమే. వాళ్ల తప్పేం లేదు, ఎవరూ తీసుకురాలేదు కాబట్టి రాలేదు.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. మన బడుల్లో మంచి పౌరుడంటే మాట వినేవాడని చెబుతున్నాం. అడిగేవాడని చెప్పడం లేదు. చిన్న తరగతుల్లోనే అడగడం నేర్పాలి, అది కూడా పుస్తకంలోంచి కాకుండా ఊళ్లోంచి నేర్పాలి.

మీకు కోపం రాకుండా ఒక మాట చెబుతాను. బడిలో పిల్లలకు దక్కే మొదటి పదవి క్లాస్ లీడర్. ఆ లీడర్ చేసే పనేమిటి? సారు బయటికి పోగానే బోర్డు మీద మాట్లాడిన వాళ్ల పేర్లు రాయడం. దోస్తు ఎంత మాట్లాడినా వాడి పేరు ఎక్కదు, పడని వాడు పెన్సిల్ అడిగినా ఎక్కుతుంది, ఇంకా మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కులు పెరుగుతూ పోతాయి. సారు వచ్చి మొత్తం ఎన్ని ఇంటూలో లెక్కపెట్టి ఆ లెక్కన దెబ్బలో, గుంజీలో. ఎనిమిదేళ్ల పిల్లగాడికి అధికారం అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఎవరు నేర్పగలరు చెప్పండి! వాడిని ఎవరూ ఎన్నుకోలేదు, వాడు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, పైవాడికి పేర్లు ఇస్తే చాలు. సోషల్ పుస్తకంలో ప్రజాస్వామ్యం పాఠం ఆ తర్వాత ఎప్పుడో ఆరో తరగతిలో వస్తుంది, అప్పటికే అసలు పాఠం అయిపోయి ఉంటుంది.

స్వయం పరిపాలన దినోత్సవం సంగతీ అంతే. ఆ రోజు పిల్లలు ఎంత ముద్దుగా ఉంటారో నాకూ తెలుసు, అమ్మ చీర కట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని, చేతిలో బెత్తంతో ఐదో తరగతి పిల్ల టీచరమ్మ అవుతుంది. ఇంకొకడు హెడ్మాస్టరు, ఇంకొకడు డీఈవో, కాస్త పొడుగ్గా ఉన్నవాడు కలెక్టరు. పేపర్లో ఫోటో కూడా పడుతుంది. ఆ రోజు ఎవరైనా జనం వేషం వేయడం చూశారా? అర్జీ పట్టుకుని వచ్చే రైతు వేషం, పింఛను రాలేదని అడిగే ముసలమ్మ వేషం, గ్రామసభలో లేచి నిలబడి "ఈ బిల్లు ఎట్లా పాసైంది" అని అడిగే మనిషి వేషం? నేనైతే ఎక్కడా చూడలేదు. స్వయం పరిపాలన అంటే ఆఫీసరు కుర్చీలో కూర్చోవడం అని మనమే చెబుతున్నాం, ఇక పెద్దయ్యాక వాళ్లు ఆ కుర్చీ కోసమే కొట్లాడుకుంటే ఆశ్చర్యమేముంది.

ఇంకో చిన్న సంగతి, ఇది మేడంలకు బాగా తెలుసు. పొద్దున్నే తరగతి గది ఊడ్చేది ఎవరు, జెండా తాడు పట్టేది ఎవరు, సారుకు బండి మీద నుంచి సంచి తెచ్చేది ఎవరు, మధ్యాహ్న భోజనం దగ్గర వరసలో ముందు నిలబడేది ఎవరు, నీళ్ల డ్రమ్ములో గ్లాసు ముంచేది ఎవరు, ముంచకుండా దూరంగా నిలబడేది ఎవరు, ఒక వారం రోజులు ఊరికే గమనించండి. రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని పెద్ద తరగతుల్లో బిట్ ప్రశ్నకు జవాబు రాస్తారు. నీళ్ల డ్రమ్ము దగ్గర మాత్రం మూడో తరగతిలోనే పరీక్ష జరుగుతుంటుంది, దానికి మార్కులు వేసేవాళ్లు లేరు.

అడగడం అనేది మన ప్రాంతానికి కొత్తదా అంటే, కాదు. అసలు మన రెండు జిల్లాల్లో ఉన్నంత పౌరశాస్త్రం ఎక్కడుందండీ! రోజూ ప్రార్థనలో పిల్లలు చేయి చాచి చెప్పే ప్రతిజ్ఞ రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, మన నల్గొండ పక్కనున్న అన్నెపర్తి ఆయనది. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉద్యోగం చేస్తూ రాశారు. అంటే ఏదో పెద్ద మహానుభావుల కమిటీ కూర్చుని రాసింది కాదు, బిల్లులు పాస్ చేసే ఒక ప్రభుత్వ ఉద్యోగి తనకు తోచింది రాసి పైవాళ్లకు పంపితే దేశమంతా చదువుతోంది. నల్గొండ జిల్లా బడుల్లో ఎంతమంది పిల్లలకు ఆ సంగతి చెప్పి ఉంటారో మీరే ఆలోచించండి.

పంచాయతీరాజ్ మొదట ఎక్కడ మొదలైంది అంటే మన పిల్లలు టక్కున రాజస్థాన్‌లోని నాగౌర్ అంటారు. కరెక్టే, 1959 అక్టోబర్ 2. దాని తర్వాత తొమ్మిది రోజులకే, అక్టోబర్ 11న, నెహ్రూ మన షాద్‌నగర్‌కు వచ్చి పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు, అప్పుడది మహబూబ్‌నగర్ జిల్లానే, 2016లో జిల్లాలు చేసినప్పుడు రంగారెడ్డిలోకి పోయింది. జడ్చర్లలోనో బాలానగర్‌లోనో చదివే పిల్లకు నాగౌర్ ఎందుకు గుర్తుండాలి, బస్సెక్కితే గంటలోపు వచ్చే షాద్‌నగర్ ఎందుకు గుర్తుండకూడదు? పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లకు మాత్రం షాద్‌నగర్ తెలుసు, గ్రూప్స్ బిట్ బ్యాంకులో ఉంటుంది కాబట్టి. పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు భూదానంగా ఇవ్వడం కూడా అంతే, తేదీ తెలుస్తుంది, ఆ రోజు భూమి అడిగిన దళితులు ఎవరు, ఎందుకు అడగాల్సి వచ్చింది అన్నది తెలియదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1996 ఎన్నిక. ఆ ఏడాది నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. నవ్వులాటకు కాదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు తిరిగి, నడుములు వంగిపోయి, ముప్పై ఏళ్లకే ముసలివాళ్లయిన జనం, వాళ్లతోపాటు నీళ్లు లేక ఎండిన పొలాల రైతులు, జల సాధన సమితి పిలుపు మీద కుప్పలుగా నామినేషన్లు వేశారు. ఎమ్మార్వో ఆఫీసు అద్దాలు పగలగొట్టలేదు, బస్సులు తగలబెట్టలేదు, రాజ్యాంగం ఇచ్చిన కాగితాన్నే వాడుకున్నారు. గెలుస్తామని కాదు, మా గురించి దేశం వినాలని. అంతమంది పేర్లకు బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయ్యింది. ఆ ఏడాదే పార్లమెంటు చట్టం మార్చి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది, అంటే సామాన్యుడు అడిగే దారి ఒకటి ఇరుకైంది కూడా. ఇందులో నాలుగో తరగతి పిల్లలకు అర్థం కానిదేముంది? నీళ్లున్నాయి, రోగముంది, అడిగిన మనుషులున్నారు, లెక్కలున్నాయి. మర్రిగూడలోనో నాంపల్లిలోనో చాలా ఇళ్లలో తాతకో నానమ్మకో ఆ ఎన్నిక గుర్తుండే ఉంటుంది. వాళ్లను బడికి పిలిచి ఒక గంట కూర్చోబెడితే చాలు, పాఠం వాళ్లే చెబుతారు.

అనుకోకుండా ఒకసారి నాకు ఆ అదృష్టం పట్టింది కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను. ఒక మేడం, ఎవరి పర్మిషనూ అడగకుండా, ఐదో తరగతి పిల్లల్ని వరసగా నడిపించుకుని పంచాయతీకి వచ్చింది. మొదట నేను కంగారు పడ్డాను, బడిలో ఏమైనా అయ్యిందా అని. ఏం లేదు సార్, పంచాయతీ చూపిద్దామని, అన్నది. ఏం చూపించాలో నాకు తోచలేదు. రెండు బీరువాలు, ఒక కంప్యూటర్, గాంధీ ఫోటో, అంబేద్కర్ ఫోటో. తోచక ఒక ఇంటి పన్ను రసీదు చేతికిచ్చాను. దాని మీద ఇంటి పన్ను 300 రూపాయలు, గ్రంథాలయ పన్ను 24 రూపాయలు అని ఉంది. మేడం బోర్డు లేకుండానే పాఠం మొదలుపెట్టింది. 300కు 24 అయితే రూపాయికి ఎంత? వెనక నిలబడ్డ ఒక పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టి "ఎనిమిది పైసలు మేడం" అన్నది. కరెక్టే, మన చట్టంలో ఉన్నది అదే, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల కోసం. మేడం సంతోషపడి వేరే సంగతిలోకి పోబోయింది. ఆ పిల్ల వదల్లేదు.

"గ్రంథాలయం అంటే లైబ్రరీయే కదా సార్. మన ఊళ్లె లైబ్రరీ ఏది?"

లేదమ్మా, ఈ పైసలు జిల్లా గ్రంథాలయ సంస్థకు పోతాయి అన్నాను.

"మరి అక్కడికెళ్లి మనకేమొస్తది?"

ముప్పై ఏళ్ల సర్వీసులో ఆడిట్ వాళ్లు అడిగారు, డీపీవో (జిల్లా పంచాయతీ అధికారి) అడిగారు, విలేకర్లు అడిగారు, ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. పన్ను కట్టిన పెద్దవాళ్లు అసలే అడగలేదు, వాళ్లకు ఆ గీత రసీదు మీద ఉన్నదనే తెలియదు. అప్పటికప్పుడు అందరూ కింద కూర్చుని, మా ఊరికి కథల పుస్తకాలు పంపండి అని ఒక ఉత్తరం రాశారు, మేడం అక్షర దోషాలు దిద్దింది, నేను అడ్రసు చెప్పాను. లీవ్ లెటర్ తప్ప ఇంకో ఉత్తరం రాయడం వాళ్లకదే మొదటిసారట. ఆ తర్వాత కొన్నాళ్లకే నాకు ట్రాన్స్‌ఫర్ అయ్యింది, పుస్తకాలు వచ్చాయో లేదో నేను చూడలేదు. కానీ ఆ పిల్ల పెద్దయ్యాక ఏ రసీదు చేతికిచ్చినా కింది గీతదాకా చదువుతుందని మాత్రం నాకు నమ్మకం.

ఆ రోజు వాళ్లను నీళ్ల ట్యాంకు దగ్గరికి కూడా తీసుకుపోయాం. ట్యాంకు మీద కడిగిన తేదీ రాసి ఉంటుంది, ఆ తేదీ చదవమంటే చదివారు, ఈరోజుకు ఎన్ని రోజులైంది అంటే లెక్క చెప్పారు, లెక్క ఎక్కువే వచ్చింది, పంపు నడిపే మా మనిషి తల గోక్కున్నాడు. ఆయనే తర్వాత చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, నీళ్లు పసుపు రంగుకు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు అని చూపించాడు. పిల్లలు ఆయన్ని సార్ అని పిలిచారు. ఊళ్లో ఆయన్ని సార్ అని ఎవరూ పిలవగా నేను వినలేదు. ఫ్లోరైడ్ జిల్లాలో తాగే నీళ్ల గురించి చెప్పడానికి ఇంతకన్నా ల్యాబ్ కావాలా? నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 1970లలో నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టారు, బయటి దేశాల పుస్తకాల్లోనూ ఆ పేరు ఉంది, నల్గొండ పిల్లల నోట్లో మాత్రం లేదు.

మీ ఇబ్బందులు నాకు తెలియవని కాదు. సింగిల్ టీచర్ స్కూళ్లున్నాయి, ఒక్క మనిషి ఐదు తరగతులు చూసుకుంటూ, మధ్యాహ్న భోజనం లెక్క రాసుకుంటూ, ఫోన్లో యాప్‌లో హాజరు కొట్టుకుంటూ పిల్లల్ని ఊరు తిప్పమంటే ఎట్లా? 2022 నుంచి తొలిమెట్టు అనే సర్కారు కార్యక్రమం వచ్చింది, తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు రావాలి, చదవడం రావాలి, దాని రిపోర్టులు పంపాలి. మంచిదే, రాని పిల్లలకు ముందు చదవడం రావాలి, ఒప్పుకుంటాను. కానీ రసీదు చదవడం చదువు కాదా? ట్యాంకు తేదీ లెక్క లెక్క కాదా? కొత్తగా ఒక పీరియడ్ పెట్టమని నేను అడగడం లేదు. ఉన్న పీరియడ్‌లో పుస్తకంలోని రాము ఇంటి పన్ను బదులు మన ఊరి ఇంటి పన్ను చదివించమంటున్నాను.

ప్రైవేటు స్కూళ్ల వాళ్లకైతే ఇంకో బాధ, తల్లిదండ్రులే వద్దంటారు. నా మనవడు మహబూబ్‌నగర్ టౌన్లో నాలుగో తరగతి చదువుతాడు. వాడి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌లో ఒకాయన లేచి, సోషల్ తగ్గించి అబాకస్ పెట్టండి అన్నాడట. ఆ స్కూలు వాళ్లను ఏమనాలో నాకు తెలియదు గానీ, ఆ తండ్రిని మాత్రం అడగాలని ఉంది, మీ డివిజన్ కార్పొరేటర్ పేరేమిటి బాబూ అని.

రాజకీయాలు వస్తాయని కొందరు సార్లు భయపడతారు. అయ్యా, రాజకీయాలు ఎప్పుడో వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిసింది, 2025 డిసెంబర్ దాకా మళ్లీ ఎన్నికలు లేవు, ఆ మధ్యంతా స్పెషల్ ఆఫీసర్లే. అంటే 2024 జూన్‌లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల, రెండో తరగతి సగం అయ్యేదాకా తన ఊరికి సర్పంచ్‌నే చూడలేదు. ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి, పిల్లలు ఏం చూశారు? బడిలోనే పోలింగ్ పెట్టారు కాబట్టి సెలవిచ్చారు. ముంబైకి, పుణెకు వలసపోయిన పాలమూరు అమ్మానాన్నలు ఓటు కోసం వచ్చారు, కొందరికి బస్సులు కూడా ఎవరో పెట్టారు, నాలుగు రోజులు ఇంట్లో ఉండి పోయారు. చేతిలో పైసలు పెట్టడం చూశారు, సీసాలు చూశారు, కోళ్లు చూశారు, ఇంటింటికీ చీరలు చూశారు. మీరు చెప్పకపోతే వాళ్లకు ఎన్నికంటే అదే. అదే సమయంలో ఒక గంట బడిలో చీటీలతో క్లాస్ లీడర్ ఎన్నిక పెట్టి, పోటీ చేసినవాళ్లు ఏం చేస్తారో ముందే చెప్పించి, ఓట్లు అందరి ముందే లెక్కపెట్టి, నెల తర్వాత "నువ్వు చెప్పింది చేశావా" అని అడిగే హక్కు ఓటేసిన వాళ్లకు ఇస్తే ఎట్లా ఉంటుందో చూడండి. బోర్డు మీద పేర్లు రాసే పని మాత్రం దయచేసి ఆ లీడర్‌కు ఇవ్వకండి.

వలస పిల్లల గురించి ఒక్క మాట. బడి గోడ మీద ప్రాథమిక విధుల చార్టు వేలాడుతుంది, పదకొండు విధులు, పిల్లలు అప్పజెబుతారు. ఆ పదకొండోది పిల్లలది కాదు, వాళ్ల అమ్మానాన్నలది: ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు చెప్పించడం. 2002లో 86వ సవరణతో వచ్చింది. అదే సవరణ 21ఎ కింద అదే వయసు పిల్లలకు చదువును హక్కుగా కూడా ఇచ్చింది. విధి గోడ మీదికెక్కింది, హక్కు ఎక్కలేదు. నారాయణపేట వైపు నవంబరు రాగానే పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని ఇటుక బట్టీలకో బిల్డింగ్ పనులకో పోయే ఇళ్లున్నాయి. ఆ పిల్లకు చదువు దయాధర్మం కాదని, అది తన హక్కని ఒక్క మాట తెలిస్తే, కనీసం తాతను అడిగి ఊళ్లోనే ఉండిపోతానని పట్టుబట్టే అవకాశమైనా ఉంటుంది కదా.

సరే, ఇప్పుడు అసలు అభ్యర్థన. ఈ ఏడాది ఒక్క పనిదినం ఇవ్వండి, ఎంఈవో గార్లు ఒక్క సర్క్యులర్ వేస్తే చాలు. మూడో తరగతి నుంచి ఐదు దాకా పిల్లల్ని పంచాయతీకి తీసుకెళ్లండి. పొద్దున పదకొండు లోపే పోండి, మధ్యాహ్నం అయితే కార్యదర్శి మండలంలో మీటింగ్ అని పోతాడు, నిజంగా మీటింగే ఉంటుంది, పాపం. ఇంటి నుంచి ఒక్కో రసీదు తెచ్చుకోమని చెప్పండి, ఇంటి పన్నుదో కరెంటు బిల్లో ఏదైనా సరే. సర్పంచ్ చెక్కు మీద ఉపసర్పంచ్ కూడా ఎందుకు సంతకం పెట్టాలో అడగమనండి, పంచాయతీ ట్రాక్టరు డ్రైవరు జీతం ఎక్కడి నుంచి వస్తుందో అడగమనండి, నర్సరీ నుంచి తెచ్చి ఊళ్లో నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో పోయి లెక్కపెట్టమనండి, వందకు 85 బతకాలని 2018 పంచాయతీరాజ్ చట్టమే చెబుతుంది. కార్యదర్శి విసుక్కుంటే విసుక్కోనివ్వండి, మేం విసుక్కునే జాతే, కానీ పిల్లలు అడిగితే చెప్పకుండా ఉండలేం.

గ్రామసభ జరిగే రోజు కుదిరితే ఇంకా మంచిది, వెనక బెంచీల్లో కూర్చోబెట్టండి, పెద్దవాళ్లు పిల్లల ముందు కాస్త నోరు అదుపులో పెట్టుకుంటారు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. వస్తున్నట్టు సర్పంచ్ గారికి వారం ముందు చెప్పకండి. చెబితే షామియానా వేయిస్తారు, మైకు పెట్టిస్తారు, ఫ్లెక్సీ కొట్టిస్తారు, పార్టీ వాళ్లను పిలుస్తారు, ఒక్కొక్కరు పది నిమిషాలు మాట్లాడి శాలువాలు కప్పుకుంటారు, పిల్లలు ఎండలో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చేస్తారు. ఆ రోజు పొద్దున ఫోన్ చేస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి,
మహబూబ్‌నగర్